ఇంట్లో కాచుకునే హక్కు ఎవరిది? చిగురు పన్ను నుంచి క్రాఫ్ట్ బీరు దాకా



ఈ వరసలో ఇంతవరకు భూమి గురించి, బడి గురించి, బావి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కుండ గురించి. నీళ్ళ కుండ కాదు, పులిసే కుండ. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఉద్యోగం చేసే మన పిల్లల్లో కొందరికి ఈ మధ్య కొత్త సరదా పుట్టింది. ఇంట్లోనే బీరు తయారు చేసుకోవాలని. వీడియోలు చూస్తున్నారు, మాల్టు ఎక్కడ దొరుకుతుంది, ఈస్టు ఎక్కడ దొరుకుతుంది అని ఆరా తీస్తున్నారు. అందులో మన వాడల నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. "సార్, ఇందులో తప్పేముంది?" అని అడుగుతున్నారు.

తప్పొప్పుల సంగతి తర్వాత చూద్దాం. ముందు చరిత్ర తెలుసుకుందాం. మన నేల మీద ఇంట్లో పులియబెట్టుకున్నందుకు, కాచుకున్నందుకు జనం చెల్లించిన ధర చాలా పెద్దది. ఆ ధర అందరూ ఒకేలా చెల్లించలేదు.

ముందు పని సంగతి. బీరుకు కావలసినవి నాలుగే: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్టు, చేదు కోసం హాప్స్ అనే తీగకు కాసే పూలు, ఈస్టు, నీళ్ళు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మామూలుగా 20 లీటర్లతో మొదలుపెడతారు. దానికి 4, 5 కిలోల మాల్టు పడుతుంది. మాల్టును బరకగా మరపట్టి 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్ళలో గంటసేపు నానబెడతారు. ఆ వేడిలో గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపినీళ్ళను వడగట్టి, హాప్స్ వేసి గంటసేపు మరగబెడతారు. తొందరగా చల్లార్చి ఈస్టు కలిపి, గాలి లోపలికి పోకుండా, లోపలి గ్యాసు మాత్రం బయటికి వచ్చేలా మూతపెట్టి ఒకటి రెండు వారాలు వదిలేస్తారు. తర్వాత సీసాల్లోకి పోసేటప్పుడు కొద్దిగా చక్కెర కలిపితే సీసాలోనే మళ్ళీ పులిసి పొంగు వస్తుంది. చక్కెర ఎక్కువైతే సీసా పగులుతుంది. మరగబెట్టిన తర్వాత తగిలే ప్రతి గిన్నె, ప్రతి గొట్టం శుభ్రంగా లేకపోతే మొత్తం పుల్లబడి పాడవుతుంది. ఏల్ రకం బీరు ఈస్టు 18 నుంచి 22 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. మే నెలలో హైదరాబాదు ఎండ 40 దాటుతుంది కాబట్టి ఇక్కడ బీరు చేయడమంటే చల్లదనం కొనుక్కోవడమే. ఏసీ గది గానీ, దానికోసమే పెట్టుకున్న ఫ్రిజ్ గానీ ఉండాలి.

ఇప్పుడు మన కల్లు సంగతి చూడండి. మాల్టు అక్కర్లేదు, మంట అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. తాటిచెట్టో ఈతచెట్టో గీస్తే కుండలోకి దిగే తియ్యటి రసం గంటల్లోనే పులుస్తుంది. గాలిలోని, కుండకు అంటుకున్న సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. కుండకు లోపల సున్నం రాస్తే పులియడం ఆగుతుంది, అది నీరా. పోద్దాడి, పండుతాడి అంటూ ఏ కాలంలో ఏ చెట్టు గీయాలో మన గీతకార్మికులకు తెలుసు. మత్తు లెక్కలో కల్లుకూ బీరుకూ పెద్ద తేడా లేదు. బవేరియా పాలకులు 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ వాడొద్దని శాసనం చేశారు. అందులో ఈస్టు ప్రస్తావనే లేదు. ఎందుకంటే పులియబెట్టేది ఏమిటో వాళ్ళకు అప్పటికి తెలియదు. లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకం వేసింది 1876లో. అంతవరకు యూరప్ బీరువాడూ మన గీతకార్మికుడూ చేసిన పని ఒకటే: పాత కుండ అడుగున మిగిలినదాన్ని నమ్ముకోవడం.

జ్ఞానం ఒకటే అయినప్పుడు ఒకరిది సైన్సు, ఇంకొకరిది నేరం ఎట్లా అయింది? ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

చిగురు పన్ను

పాశ్చర్ పుస్తకం వచ్చిన మూడేళ్ళకు, 1879 మార్చిలో, గోదావరి ఏజెన్సీలోని చోడవరం ప్రాంతంలో రంప తిరుగుబాటు మొదలైంది. మనకు రంప అనగానే 1922 నాటి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. అంతకు 40 ఏళ్ళకు పైగా ముందే అదే కొండల్లో అంతకన్నా విశాలంగా పాకిన పోరాటం ఇది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. మన్సబ్‌దారు దోపిడీ, పోలీసుల వసూళ్ళు, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు డిక్రీలు చూపించి పశువుల్ని, గింజల్ని ఎత్తుకుపోవడం. కానీ నిప్పు అంటించింది మాత్రం కల్లు.

అక్కడ మన్సబ్‌దారు కల్లు మీద వసూలు చేసిన పన్ను పేరు చిగురు పన్ను. ఎంత ముద్దుగా ఉందో చూడండి ఆ పేరు. దానికి తోడు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చింది. కల్లు మీద హక్కును కాంట్రాక్టరుకు వేలం కట్టబెట్టారు. ఇంట్లో తాగడానికి సైతం సొంతంగా గీసుకోకూడదన్నారు. ఎండాకాలంలో గింజలు నిండుకున్నాక జీలుగు కల్లు మీదనే రోజు గడిపే మనుషులకు, నీ చెట్టు మీద నీ కుండ కట్టుకోవద్దని చెప్పారన్నమాట. ఇంట్లో తయారు చేసుకునే హక్కు మీద మన తెలుగు నేలలో జరిగిన మొదటి పెద్ద పోరాటం ఇదేనని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

ఆ పోరాటం ఏప్రిల్‌కి గూడెం కొండలకు, జూలైకి భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. పోలీసుస్టేషన్లు తగలబడ్డాయి. మద్రాసు ప్రభుత్వం వందలాది పోలీసులను, మద్రాసు పదాతి దళాలను దించింది. చాలక హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా సైన్యాన్ని తెచ్చింది. నాయకుల్లో చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో, తమ్మన్నదొర అదే ఏడాది జూలైలో చంపబడ్డారు. తర్వాత మన్సబ్‌దారును తొలగించి, ప్రభుత్వం ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

ఇక్కడ ఇంకో సంగతి మరిచిపోవద్దు. అదే కొండల్లో 1922 పోరాటానికి ముందు సీతారామరాజు జనానికి చెప్పింది తాగుడు మానమని. ఒక తరం కల్లుకుండ కోసం ప్రాణాలిచ్చింది. ఇంకో తరం నాయకుడు ఆ కుండ దించమన్నాడు. రెండూ మన చరిత్రే. ఈ రెండింటినీ ఒకేసారి తలలో పెట్టుకుని ఆలోచించడం రాకపోతే ఈ విషయం మనకు అర్థం కాదు.

నీటి పని

అబ్కారీ పారశీక పదం. ఆబ్ అంటే నీళ్ళు, కార్ అంటే పని. మాటలో నీళ్ళున్నాయి గానీ ఆ శాఖ పనంతా డబ్బుతోనే. మద్రాసు అబ్కారీ చట్టం 1886లో వచ్చింది. నిజాం రాజ్యంలో హైదరాబాద్ అబ్కారీ చట్టం 1316 ఫసలీలో, అంటే 1906-07లో వచ్చింది. రెండు చట్టాల సారాంశం ఒకటే. పులియబెట్టడం, కాచడం, అమ్మడం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ప్రభుత్వం దాన్ని వేలంలో ఎక్కువ పాడినవాడికి అప్పగిస్తుంది. చెట్టుకు పన్ను, కుండకు లెక్క, బట్టీకి లైసెన్సు. అడవిలో రాలిన ఇప్పపువ్వు ఏరుకొచ్చిన గోండు ఆడమనిషి ఇంట్లో కాచుకుంటే నేరం. అదే ఇప్పపువ్వు ప్రభుత్వ డిస్టిలరీకి పోతే ఖజానాకు ఆదాయం.

వేలంలో పాడినవాళ్ళు ఎవరు? దొరలు, షావుకార్లు, పెద్ద కాంట్రాక్టర్లు. చెట్టెక్కి పడిపోయి నడుం విరగ్గొట్టుకున్నది గీతకార్మికుడు. కూలి డబ్బులు తెచ్చి దుకాణంలో పోసింది ఎక్కువగా మన మాల మాదిగలు, బీసీ కూలీలు. అక్కడా మనకు వేరే ముంత, వేరే చోటు. రెండు గ్లాసుల పద్ధతి హోటళ్ళలో పుట్టిందని అనుకుంటాం గానీ, కల్లు మండువాల దగ్గర అది ఆకుదొప్ప రూపంలో ముందునుంచీ ఉంది. మన నోటికి అంటు, మన డబ్బుకు అంటు లేదు.

అందుకే హైదరాబాదులో దళిత ఉద్యమం మొదలైన రోజుల్లోనే తాగుడు మాన్పించే పని ఉద్యమంలో భాగమైంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టి, దేవదాసీ ఆచారానికి, బాల్యవివాహాలకు వ్యతిరేకంగా పనిచేసినట్టే మద్యానికి వ్యతిరేకంగానూ పనిచేశాడు. అరిగె రామస్వామి కూడా అదే దారి. ఈ పనిని పైకులాల శుచి సంస్కృతిని అనుకరించడమని కొట్టిపారేసే మిత్రులున్నారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ మన జేబులోంచి దొర ఖజానాకు వేసిన గొట్టాన్ని కోసేయాలన్న ఆలోచన అది. దాన్ని ఆ లెక్కలో చూడాలి.

గీతకార్మికుల వైపు నుంచి బొమ్మగాని ధర్మభిక్షం లాంటివాళ్ళు ఇంకో దారి పట్టారు. గీసేవాడికే చెట్టు మీద హక్కు ఉండాలని, కాంట్రాక్టరు పోయి సహకార సంఘాలు రావాలని పోరాడారు. కోస్తా, ఉత్తరాంధ్రల్లో గౌతు లచ్చన్న గీతకార్మికుల తరఫున మద్యనిషేధ చట్టాన్ని ఎదిరించాడు. మద్రాసులో రాజాజీ 1937లో సేలంతో మొదలుపెట్టిన నిషేధం తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు, చివరికి రాష్ట్రమంతటికీ పాకింది. అది ఆంధ్రరాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో కూలిపోయింది ఈ నిషేధం గొడవ మీదనే, అదీ ఒక్క ఓటు తేడాతో. మొదటి ఆంధ్ర ప్రభుత్వాన్ని పడగొట్టింది కల్లుకుండ అంటే అతిశయోక్తి కాదు.

రాజ్యాంగ సభలో కుండ

1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో మద్యనిషేధం చర్చకు వచ్చింది. ఇప్పుడు మనం 47వ అధికరణం అంటున్న ఆదేశిక సూత్రంలో నిషేధాన్ని చేర్చాలన్న సవరణ అది. దాన్ని లేచి ఎదిరించినవాడు జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీ ప్రతినిధి. బియ్యంతో చేసే తమ పానీయం పూజలో ఉంది, నాట్లలో ఉంది, అది లేకుండా వరినాట్లు సాగవు, మా మతపరమైన హక్కులో మీరు వేలు పెడుతున్నారు అన్నది ఆయన వాదన. అంబేడ్కర్ సవరణను ఒప్పుకున్నాడు. అయితే ఇది ఆదేశిక సూత్రమే కాబట్టి తప్పనిసరి కాదని, ఆదివాసీ ప్రాంతాల విషయంలో వాళ్ళ సలహా మండళ్ళకు మాట ఉంటుందని జైపాల్ సింగ్‌కు సమాధానం చెప్పాడు.

అంబేడ్కర్ మాట అక్కడితో ఆగలేదు. 1951లో మొదటి ఎన్నికలకు షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ వేసిన ప్రణాళిక తీసి చదవండి. అందులో మద్యనిషేధం ఎత్తేయాలని ఉంది. చదువుకు, అభివృద్ధికి డబ్బు కావాలి, ఆ డబ్బును ఎక్సైజు రూపంలో ఎందుకు వదులుకోవాలన్నది ఒక కారణం. రెండో కారణం మన విషయానికి నేరుగా తగులుతుంది. నిషేధం వల్ల సారా తయారీ ఇంటిపరిశ్రమ అయిపోయిందని, ఒకప్పుడు మగవాళ్ళే తాగేవాళ్ళని, ఇంట్లోనే తయారవుతుంటే ఆడవాళ్ళు, పిల్లలు కూడా తాగుతున్నారని ఆ ప్రణాళిక అంటుంది. అంటే ఇంట్లో కాయడాన్ని అంబేడ్కర్ స్వేచ్ఛగా చూడలేదు, ప్రమాదంగా చూశాడు. జైపాల్ సింగ్ దాన్నే తన జనం జీవితంగా చూశాడు.

ఎవరు రైటు? జైపాల్ సింగ్ మాట్లాడింది పులిసే పానీయం గురించి, ఊరంతా కలిసి పండగకు తయారుచేసుకునేదాని గురించి. అంబేడ్కర్ మాట్లాడింది నిషేధం వల్ల దొంగతనంగా మురికివాడ గదిలో పిల్లల పక్కనే కాగే సారా గురించి. కుండ ఒకటే కావచ్చు, దాని చుట్టూ ఉన్న బతుకు ఒకటి కాదు. ఇద్దరినీ చదివితే ఇద్దరూ రైటేనని తెలుస్తుంది.

తర్వాత 1975లో కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానంపై మార్గదర్శకాలిచ్చి, ఆదివాసులు సొంత వాడకానికి సంప్రదాయ పానీయాలు తయారు చేసుకోవడాన్ని ఒప్పుకుంది. 1996 పెసా చట్టం మత్తు పానీయాల నియంత్రణ అధికారాన్ని గ్రామసభకిచ్చింది. జైపాల్ సింగ్ మాటకు కాగితం మీదైనా కొంత విలువ దక్కింది.

దూబగుంట చెప్పిన వద్దు

1980లలో మన రాష్ట్రంలో సారా ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. వారుణి వాహిని అని పేరు. పథకానికి అంత సంస్కృతం పేరు, తాగింది కూలి మనిషి. పొలం నుంచి మగవాడు ఇంటికి చేరేలోపే కూలి కాస్తా దుకాణంలో కరిగిపోయేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కేంద్రానికి వచ్చి చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, ఎక్కువగా దళిత, బీసీ కూలి ఆడవాళ్ళు, సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అందరికీ తెలిసిందే. అక్కడి నుంచి ఉద్యమం జిల్లాలు దాటింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది.

ఫలితం ఏమైంది? పేదవాడు తాగేది నేరంగా మిగిలింది, సీసా మీద బ్రాండు ఉన్నది వ్యాపారంగా నిలబడింది. దూబగుంట ఆడవాళ్ళు అడిగింది ఇది కాదు. వాళ్ళు కాంట్రాక్టర్‌కీ, సర్కారు ఆదాయానికీ ఎదురు తిరిగారు. సర్కారు వాళ్ళ పోరాటాన్ని తీసుకుని చౌక సరుకును తీసేసి ఖరీదు సరుకును మిగిల్చింది.

సారా పోయిన చోట గుడుంబా వచ్చింది. నల్లబెల్లం, పటిక, ఇంకా ఏవేవో. పాతబస్తీ పక్కన ధూల్‌పేట పేరు దీనితోనే ముడిపడిపోయింది. తండాల్లో, వాడల్లో ఒంటరి ఆడవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, వేరే దారి లేనివాళ్ళు ఈ పనిలోకి దిగారు. పట్టుబడితే ఎక్సైజు కేసు మామూలు. అది చాలదని 1986లో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం ఉంది, పీడీ యాక్ట్. దాని పూర్తి పేరు ఎప్పుడైనా చదివారా? ప్రమాదకరమైన పనులు చేసే బూట్‌లెగ్గర్లు, బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాలు అంటూ సాగుతుంది. బందిపోటు కన్నా ముందు వరసలో ఉన్నది దొంగసారా మనిషి! ఈ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించవచ్చు. తెలంగాణలో ఈ చట్టాన్ని ఎడాపెడా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లోనూ 2024లోనూ తప్పుపట్టింది.

గుడుంబాను నేను సమర్థించడం లేదు. అది మన వాడల్లో ఎంతమందిని తిన్నదో నాకు తెలుసు, మీకూ తెలుసు. 2015 నుంచి రాష్ట్రం దాన్ని అణిచివేయడానికి పూనుకుంది, తయారీ మానేసినవాళ్ళకు మనిషికి 2 లక్షల పునరావాస సాయం ప్రకటించింది. మంచిదే. కానీ అదే 2015లో ఇంకో పని జరిగింది. మైక్రోబ్రూవరీల నిబంధనలు వచ్చాయి.

సైబరాబాద్ బీరు

సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అంతకుముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఊళ్ళు. హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలను 2004లో మూసేశారు. 2014లో తెలంగాణ వచ్చాక మళ్ళీ తెరిచారు. ఆ మరుసటి ఏడాది మైక్రోబ్రూవరీలకు దారి తెరుచుకుంది. తర్వాత జూబ్లీహిల్స్‌లో, ఐటీ కారిడార్‌లో ఒకటొకటిగా వెలిశాయి. గాజు గోడ వెనక రాగి, స్టీలు ట్యాంకులు, ఈ వారం కాచిన బీరు ఇదని పలక మీద పేరు. చేతితో చేసింది, చిన్న మోతాదులో చేసింది, ఇక్కడే చేసింది అన్నవి వాళ్ళు గొప్పగా చెప్పుకునే మూడు మాటలు. గుడుంబా కూడా చేతితో చేసిందే, చిన్న మోతాదులో చేసిందే, ఇక్కడే చేసింది. ఒకదాని పేరు క్రాఫ్ట్, ఇంకోదాని పేరు నాటు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు ఈ రెండు మాటల మధ్య దూరం కొలవాలనిపిస్తుంది. క్రాఫ్ట్ అంటే చేతిపని. నాటు అంటే మన ఊరిది. చేతిపని చేసే కులాలను ఊరికి అవతల నిలబెట్టిన సమాజం, చేతిపని అన్న ఇంగ్లీషు మాటకు మాత్రం గ్లాసుకు ఇంతని ఇచ్చుకుంటోంది.

తేడా లేదని అనను. శుభ్రత, పరీక్ష, పదార్థాల నాణ్యతల్లో తేడా ఉంది. కల్తీ కల్లు చంపుతుంది కూడా. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి చనిపోయినవాళ్ళు ఎక్కువగా కూలి పనులు చేసుకునేవాళ్ళే. కానీ ఆలోచించండి. ఒకరికి శుభ్రత నేర్పి, పరీక్ష పెట్టి, లైసెన్సిచ్చి నిలబెట్టాం. ఇంకొకరికి లాఠీ, పీడీ యాక్ట్ ఇచ్చాం. నాణ్యతలో తేడా పుట్టుకతో రాలేదు, రాజ్యం ఎవరి మీద ఎంత పెట్టుబడి పెట్టిందన్నదాన్ని బట్టి వచ్చింది.

2021లో తెలంగాణ మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అప్పుడు దరఖాస్తుకే తిరిగిరాని 2 లక్షలు కట్టాల్సి వచ్చింది. రిజర్వేషన్ ఉన్నా ఆ డబ్బు ఎవరి చేతిలోంచి వస్తుందో, దుకాణం ఎవరి పేరు మీద ఎవరు నడుపుతారో మనకు తెలియనిది కాదు. సరే, అమ్మే దుకాణంలో వాటా మాటైనా వచ్చింది. తయారుచేసే చోట? ట్యాంకు కడిగే పనిలో మనవాళ్ళు ఎంతమంది, లైసెన్సు కాగితం మీద ఎంతమంది? ఈ లెక్క విద్యార్థులెవరైనా తీస్తే మంచి పరిశోధన అవుతుంది.

బయటి లోకం

ఇది మన దగ్గరే జరిగిందనుకోవద్దు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో 1908లో ఒక చట్టం చేశారు. నల్లవాళ్ళు తాగే జొన్నబీరును మునిసిపాలిటీ మాత్రమే తయారు చేసి అమ్మాలి. ఆ బీరు ఇళ్ళల్లో కాచి అమ్ముకుని బతికే ఆఫ్రికన్ ఆడవాళ్ళు ఒక్కరోజులో నేరస్థులయ్యారు. డర్బన్ నగరం ఆ ఆదాయంతోనే నల్లవాళ్ళను విడిగా ఉంచే ఏర్పాట్లు నడిపింది. నల్లవాడి గొంతులో పోసిన బీరు డబ్బుతోనే నల్లవాడికి కంచె కట్టారన్నమాట. 1929లో ఆ ఆడవాళ్ళు మునిసిపల్ బీరు హాళ్ళ మీదికి వెళ్ళారు. 1959లో డర్బన్‌లోని కాటో మేనర్‌లో మళ్ళీ లేచారు. దూబగుంట ఆడవాళ్ళు దుకాణం మూయమన్నారు, డర్బన్ ఆడవాళ్ళు మా కుండ మాకు ఇవ్వమన్నారు. ఇద్దరూ ఎదుర్కొన్నది ఒకే మనిషిని, మన తాగుడు మీద ఆదాయం తీసుకునే సర్కారుని.

మరోవైపు బ్రిటన్ 1963లో ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 750 లీటర్లు, పన్ను లేకుండా సొంతానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు, సారా బట్టీ పెట్టకూడదు. తర్వాత అక్కడ చిన్న బ్రూవరీలు వేలల్లో పుట్టాయంటే చాలామంది వంటింట్లో నేర్చుకుని వచ్చినవాళ్ళే. మన క్రాఫ్ట్ బీరు సంస్కృతి అక్కడి నుంచి దిగుమతైంది. కానీ దాని కింద ఉన్న ఇంటి హక్కు మాత్రం దిగుమతి కాలేదు.

మరి ఏం చేయాలి?

మొదట చట్టం. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల అబ్కారీ చట్టాలను కలిపి 1968లో చేసిన ఎక్సైజు చట్టమే తెలంగాణలో నడుస్తోంది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అందులో కల్లు ఉంది, సారా ఉంది, బీరు కూడా ఉంది. కొండాపూర్ ఫ్లాటులో 20 లీటర్ల బీరూ నేరమే, తండాలో 20 లీటర్ల గుడుంబా పానకమూ నేరమే. తలుపు ఎవరిది తడతారన్నదే తేడా. గేటెడ్ కమ్యూనిటీ గేటు దాటి ఎక్సైజు జీపు ఎన్నిసార్లు వచ్చిందో మీరే చెప్పండి. అయితే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. గేటు కాపాడేది ఇంటిపేరును కూడా చూసే కాపాడుతుంది. కేసు అంటూ అయితే మనకు జామీను కోసం పరుగెత్తే పెద్దలు తక్కువ. అందుకే చట్టం మారకముందు ఈ ప్రయోగం చేయమని నేను ఎవరికీ చెప్పను. పని నేర్చుకోవాలనుకుంటే దాని శాస్త్రం చదవండి, లైసెన్సున్న చోట శిక్షణకు వెళ్ళండి. నీరా సంఘాలను పట్టించుకోండి. నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు, ఆ సరుకు వెనక ఉన్న గీతకార్మికుడికి ఎంత ముడుతుందో అడగండి.

రెండోది డిమాండ్. పులియబెట్టడాన్నీ కాచడాన్నీ చట్టం విడదీయాలి. కల్లు, బియ్యంతో చేసేవి, జొన్నతో చేసేవి, బార్లీ బీరు ఏదైనా సరే, కొంత పరిమితిలో సొంతానికి చేసుకుంటే నేరం కాకూడదు. అది కొండాపూర్ ఇంజనీరుకూ వర్తించాలి, ఆదిలాబాద్ గోండు తల్లికీ వర్తించాలి, వాడలో మన అవ్వకూ వర్తించాలి. సారా కాయడం వేరే సంగతి. అందులో మంట, మత్తు తీవ్రత, పారిశ్రామిక ఆల్కహాల్ కలిపే కల్తీ, చావులు ఉన్నాయి. దాన్ని ఆపాల్సిందే. కానీ ఆపడమంటే పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి మీద పీడీ యాక్ట్ పెట్టడం కాదు, ఆమెకు నల్లబెల్లం అప్పిచ్చి సరుకు ఎత్తుకుపోయే షావుకారును పట్టుకోవడం. మైక్రోబ్రూవరీ లైసెన్సుల్లో గీతకార్మిక సహకార సంఘాలకు, ఎస్సీ ఎస్టీ మహిళా సంఘాలకు వాటా కావాలి, వాటాతోపాటు పెట్టుబడి, శిక్షణ కావాలి.

మూడోది మనలో మన మాట. స్వేచ్ఛ పేరుతో తాగుడుకు కిరీటం పెట్టొద్దు. భాగ్యరెడ్డి వర్మ, దూబగుంట ఆడవాళ్ళు చెప్పిన వద్దు అన్నమాట ఇంకా పాతబడలేదు. ఏ హక్కయినా ఇంట్లో ఆడమనిషి ఒప్పుకుంటేనే ఇంటి హక్కు అవుతుంది. ఆమె వద్దంటే ఆ కుండ దించాల్సిందే. చట్టం మారినా ఈ నియమం మారదు. గ్రామసభకు పెసా ఇచ్చిన అధికారం లాంటిదే ప్రతి వాడలో ఆడవాళ్ళ సంఘానికి ఉండాలని నేను అంటాను. దుకాణం పెట్టాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చాలి, హైదరాబాదులో కూర్చున్న శాఖ కాదు.

చిగురు పన్ను పోయి 140 ఏళ్ళు దాటింది. పన్ను వేసే హక్కు ఎవరిది, కుండ పెట్టుకునే హక్కు ఎవరిది, వద్దనే హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నలు మాత్రం ఇంకా అట్లాగే ఉన్నాయి. మీ ఊళ్ళో కల్లు మండువా దగ్గర మనవాళ్ళకు ఏ ముంతలో పోసేవారో, సారా ఉద్యమంలో మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఏం చేశారో అడిగి రాసుకోండి. వాళ్ళు ఉండగానే రాసుకోండి. ఆ రాతలు లేకపోతే రేపు ఈ చరిత్ర కూడా ఎక్సైజు శాఖ కేసు డైరీల్లోనే మిగులుతుంది.

వచ్చే భాగంలో నల్లబెల్లం గురించి, చెరుకు తోటల కూలీల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.